కంట్లో పువ్వు: కుక్కలు, పిల్లుల కంటి జబ్బులు

పామిడి దగ్గర పెన్నానది ఏడాదిలో చాలా నెలలు ఇసుక మేటగానే ఉంటుంది. ఆషాఢం గాలులు మొదలయ్యాయంటే ఆ ఇసుకా, దున్నిన చేల ఎర్రమట్టీ కలిసి ఊరి మీదికి లేస్తాయి. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మిగతా కాలమంతా ఎండా, దుమ్మూ. మనుషులు కొంగో తువ్వాలో ముఖానికి అడ్డం పెట్టుకుంటారు. గొర్రెల మంద వెనక పరుగెత్తే కుక్కకు గానీ, అరుగు మీద ముడుచుకు పడుకున్న పిల్లికి గానీ ఆ వీలు లేదు. వేరుశనగ నూర్పిళ్ల పొట్టు, కంప చెట్ల ముళ్లు, ఎండిన గడ్డి గింజల వాడి కొనలు, 44వ నంబరు జాతీయ రహదారి మీద బండ్ల దెబ్బలు, పిల్లుల కొట్లాటలో గోళ్ల గీతలు: వీటన్నిటికీ ముందు దొరికేది కన్నే.

అలాంటి కన్ను తెల్లబడితే పల్లెల్లో అనే మాట ఒకటే: ‘కంట్లో పువ్వు పడింది.’ చూడటానికి అది సరైన మాటే. నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ నిజంగా పువ్వులాగే ఉంటుంది. చిక్కేమిటంటే, ఆ ఒక్క మాట కింద కనీసం అయిదారు జబ్బులు దాగి ఉన్నాయి. అది పైపొర మీది పుండు కావచ్చు, మానిన పుండు మచ్చ కావచ్చు, లోపలి శుక్లం కావచ్చు. కంటిలో ఒత్తిడి పెరిగి పైపొర నీరు పట్టి ఉండవచ్చు. ఏ జబ్బూ లేకుండా వయసుతో వచ్చిన నీలి మసక కూడా కావచ్చు. ఒకదాన్ని మాన్పే మందు ఇంకొకదాన్ని చెడగొడుతుంది. కుక్కలు, పిల్లుల కంటి వైద్యంలో అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది ఇదే.

నల్లగుడ్డు పైన గాజులా కనిపించే పొరను కార్నియా అంటారు. కుక్కలో దాని మందం అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. అందులో రక్తనాళాలు ఉండవు. కావలసిన ప్రాణవాయువును చాలావరకు కన్నీటి ద్వారా గాలి నుంచే తీసుకుంటుంది. నరాలు మాత్రం దట్టంగా ఉంటాయి కాబట్టి చిన్న గీతకే విపరీతమైన నొప్పి పుడుతుంది. మనుషులకు లేనివి రెండు ఈ జంతువులకు ఉన్నాయి. ఒకటి ముక్కు వైపు మూలలో దాగి ఉండే మూడో రెప్ప. రెండోది కంటి వెనక గోడ మీద అద్దంలా వెలుతురును తిప్పికొట్టే పొర. రాత్రి బండి లైటు పడగానే కుక్క కళ్లు మెరిసేది ఆ పొర వల్లే.

కన్ను నొప్పి పెడుతోందని కుక్క అరిచి చెప్పదు. కన్ను సగం మూసుకుంటుంది. నీళ్లు కారతాయి, వెలుతురు చూడలేక మంచం కిందికి పోతుంది, ముందుకాలితో ముఖం రుద్దుకుంటుంది, తల గోడకో నేలకో రాస్తుంది. పిల్లి ఇంకా గుట్టుగా ఉంటుంది. మూడో రెప్ప సగం పైకి వచ్చి తెల్లటి తెర కట్టినట్టు కనిపిస్తే, తిండి తగ్గించి ఒక మూల కూర్చుంటే అనుమానించాలి. ఉదయం కంటి మూలలో కాస్త గోధుమరంగు పుసి ఉండటం మామూలే. అది పచ్చగా, చిక్కగా, రోజంతా వస్తుంటే మామూలు కాదు. రెండు కంటిపాపలూ ఒకే సైజులో లేకపోవడం, ఒక గుడ్డు రెండోదానికన్నా పెద్దగా కనిపించడం, తెల్లగుడ్డు మీద లావైన ఎర్రటి నాళాలు తేలడం, ఇవన్నీ అదే రోజు డాక్టరు చూడవలసిన గుర్తులు.

చూపు ఉందో లేదో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. చెయ్యి ఊపితే గాలి తగిలి గుడ్డి కుక్క కూడా రెప్ప వేస్తుంది. అందుకే పశువైద్యులు చిన్న పత్తి ఉండను కళ్ల ముందు నుంచి జారవిడుస్తారు. దానికి చప్పుడు లేదు, వాసన లేదు, గాలి లేదు. చూపున్న జంతువు తల తిప్పి దాన్ని చూస్తుంది. చూపు మెల్లగా పోయిన కుక్క వాసనతో, అలవాటుతో ఇల్లంతా తిరుగుతుంది కాబట్టి యజమానికి నెలల తరబడి తెలియకపోవచ్చు. మంచాలు, కుర్చీలు జరిపిన రోజు బయటపడుతుంది.

కన్ను మూసుకుంటున్న కుక్కను డాక్టరు దగ్గరికి తీసుకెళితే ముందుగా జరగవలసిన పరీక్ష చాలా చిన్నది. ఫ్లోరెసీన్ అనే నారింజ రంగు అద్దిన కాగితపు ముక్కను తడిపి కంటికి తాకిస్తారు. పైపొర చెక్కుచెదరకుండా ఉంటే రంగు కన్నీటితో కొట్టుకుపోతుంది. పొర లేచిన చోట మాత్రం అంటుకుని, నీలి వెలుతురులో ఆకుపచ్చగా మెరుస్తుంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బాయర్ 1871లో తయారుచేసిన రంగు ఇది. ఇన్నేళ్లయినా దీన్ని మించిన చవకైన పరీక్ష రాలేదు. ఆకుపచ్చ మచ్చ కనిపించిందంటే కార్నియా మీద పుండు ఉన్నట్టు.

పైపైన పడిన పుండు, గుచ్చుకున్న నలుసు తీసేసి యాంటీబయాటిక్ చుక్కలు వేస్తే తరచు వారంలోపే మానుతుంది. లోపలి కండరం పట్టేసి నొప్పి ఎక్కువగా ఉంటే డాక్టరు అట్రోపిన్ రాస్తారు. ఆ చుక్క కన్నీటి దారిలో గొంతుకు దిగి చేదుగా తగులుతుంది కాబట్టి పిల్లులు నోట నురగ కక్కుతాయి. అది చూసి భయపడనక్కరలేదు. కానీ పుండును నిర్లక్ష్యం చేస్తే సూక్ష్మజీవులు, కంటి సొంత రసాలు కలిసి పొరను కరిగించడం మొదలుపెడతాయి. కార్నియా జిగురుగా, చీమిడిలా మారుతుంది. అక్కడి నుంచి కన్ను చిల్లు పడటానికి ఒకటి రెండు రోజులు చాలు. అప్పుడు గంట గంటకూ మందు వేయాలి. కరుగుదలను ఆపడానికి ఆ జంతువు రక్తం నుంచే తీసిన సీరంను చుక్కలుగా వేస్తారు, లేదా శస్త్రచికిత్సతో పక్క పొరను తెచ్చి కప్పుతారు. ఉబ్బిన కళ్లు, అణిగిన ముక్కు ఉన్న పగ్, షీట్జూ కుక్కల్లో, పర్షియన్ పిల్లుల్లో ఇలాంటి పుండ్లు ఎక్కువ. వాటి రెప్పలు పూర్తిగా మూతపడవు, కార్నియాకు స్పర్శ కూడా తక్కువ.

ఇక్కడే మెడికల్ షాపు సీసా సంగతి చెప్పాలి. ఎర్రకన్ను అనగానే చాలామంది ఇంట్లో మిగిలిపోయిన చుక్కల మందు వెతుకుతారు. అలాంటి సీసాల్లో చాలావాటిలో యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి స్టిరాయిడ్ ఉంటుంది. వేసిన గంటల్లోనే ఎరుపు తగ్గుతుంది, యజమానికి నమ్మకం కుదురుతుంది. లోపల మాత్రం పుండు మానడం ఆగిపోతుంది, కరుగుదల వేగమందుకుంటుంది. ఎరుపు తగ్గిన కన్ను నాలుగో రోజుకు పగిలిపోవచ్చు.

అలాగని స్టిరాయిడ్ విషమేమీ కాదు. జర్మన్ షెపర్డ్ కుక్కల్లో కార్నియా అంచు నుంచి ఎర్రటి కండలాంటి పొర మెల్లగా నల్లగుడ్డు మీదికి పాకే జబ్బు ఒకటి ఉంది. తీక్షణమైన ఎండలో అది ముదురుతుంది. ఆ కుక్క చూపును కాపాడేది అవే స్టిరాయిడ్ చుక్కలు, చాలాసార్లు జీవితాంతం. కంటి లోపలి వాపుకు కూడా అదే మందు. ఒక కంటిని నిలబెట్టే సీసాయే ఇంకో కంటిని తీసేస్తుంది. రెండిటికీ తేడా చెప్పేది ఆ ఆకుపచ్చ రంగే.

ఇంటి వైద్యాల గురించి కూడా నిక్కచ్చిగా చెప్పుకోవాలి. నందివర్ధనం పూలు, చనుబాలు, ఆముదం, పసుపు నీళ్లు మన ఊళ్లలో తరతరాలుగా కంటికి వాడుతున్నవే. ఉద్దేశం మంచిదే అయినా, పొర లేచిన కంట్లో శుభ్రం చేయని ఏ పదార్థం పడినా సూక్ష్మజీవులకు దారి దొరుకుతుంది. జిల్లేడు పాలను కంటి దరిదాపులకు కూడా రానివ్వకూడదు. మనుషుల్లో చూసిన కేసుల్లో ఆ పాలు పడ్డ కంటికి ఒక్కోసారి నొప్పి తెలియకుండానే చూపు మసకబారింది. ఇంట్లో నిర్భయంగా చేయగలిగింది ఒక్కటే: మందుల షాపులో దొరికే సెలైన్‌తో, అది లేకపోతే కాచి చల్లార్చిన నీళ్లతో కన్ను కడగడం. సున్నం, సబ్బుపొడి, పురుగుమందు పడితే ఆలోచిస్తూ కూర్చోకుండా కనీసం 15 నిమిషాలు నీళ్లు ధారగా పోయాలి. కంట్లో ముల్లు గుచ్చుకుని నిలిచి ఉంటే లాగకూడదు. లాగితే లోపలి ద్రవం బయటికి వచ్చేస్తుంది.

కొట్లాటలోనో బండి తగిలో పగ్ లాంటి కుక్క గుడ్డు రెప్పల బయటికి వచ్చేస్తే చూసేవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది. అలాంటప్పుడు దాన్ని లోపలికి నెట్టకూడదు. సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, కుక్క గీరుకోకుండా పట్టుకుని వెంటనే బయలుదేరాలి. తడి ఆరకుండా త్వరగా చేరితే కొన్ని కళ్లు దక్కుతాయి, ఒక్కోసారి చూపు కూడా.

పొడికన్ను జబ్బు అనంతపురం లాంటి చోట సులువుగా మరుగున పడిపోతుంది. కన్నీళ్లు తగ్గిన కుక్క కంట్లో జిగురు పుసి తీగలు తీగలుగా సాగుతుంది. ఎంత తుడిచినా మళ్లీ వస్తుంది. దుమ్ము వల్లే అనుకుని వదిలేస్తారు. జర్మన్ వైద్యుడు ఒట్టో షిర్మర్ 1903లో మనుషుల కోసం చెప్పిన పరీక్షే కుక్కలకూ చేస్తారు. గీతలున్న కాగితపు పట్టీని కింది రెప్పలో ఒక నిమిషం ఉంచి ఎంత తడిసిందో చూస్తారు. 15 మిల్లీమీటర్లు, ఆపైన తడిస్తే మంచిదే. 10 లోపే ఆగితే పొడికన్నును అనుమానిస్తారు. సొంత రోగనిరోధక శక్తే కన్నీటి గ్రంథుల మీద పడటం దీనికి ఎక్కువగా కనిపించే కారణం. డిస్టెంపర్ వైరస్ వల్ల, సల్ఫా మందుల వల్ల కూడా రావచ్చు. 1980ల్లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయంలో పశు నేత్రవైద్యురాలు రెనీ కాస్వాన్, అవయవ మార్పిడిలో వాడే సైక్లోస్పోరిన్‌ను కుక్కల కళ్లలో వాడి చూశారు. ఎండిన కళ్లలో మళ్లీ నీళ్లు ఊరాయి. ఆ పని నుంచే మనుషుల పొడికన్నుకు రెస్టాసిస్ అనే మందు పుట్టి, 2002లో అమెరికాలో అనుమతి పొందింది. కుక్క కన్ను మనిషి కంటికి చేసిన మేలు ఇది. పొడికన్ను కుక్కకు ఈ మందు బతికినన్నాళ్లూ వేయాలి. తగ్గిందని మానేస్తే జబ్బు తిరగబెడుతుంది.

దీనికి చుట్టం లాంటిది ‘చెర్రీ ఐ’. కాకర్ స్పానియల్, బీగిల్, బుల్‌డాగ్ పిల్లల్లో మూడో రెప్ప గ్రంథి జారి కంటి మూలలో ఎర్రటి పండులా బయటికి వస్తుంది. ఒకప్పుడు దాన్ని కత్తిరించి పారేసేవారు. కోయడం సులువైన పనే గానీ తప్పుడు పని. కంటికి కావలసిన కన్నీటిలో దాదాపు మూడో వంతు, కొన్ని లెక్కల్లో అంతకన్నా ఎక్కువ, ఆ గ్రంథే ఇస్తుంది. కోసేసిన కుక్కకు కొన్నేళ్ల తర్వాత పొడికన్ను వచ్చే ప్రమాదం ఉంది. పొరను సంచిలా కుట్టి గ్రంథిని లోపలే దాచడమే సరైన పద్ధతి. ఎవరైనా ‘కోసేద్దాం’ అంటే ఇంకో డాక్టరు అభిప్రాయం కూడా తీసుకోవాలి.

ఇక కంటిపాప లోపల కనిపించే తెలుపు. ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కల కళ్లు నీలిబూడిద రంగులో మసకగా కనబడటం చాలా సాధారణం. కటకం వయసుతో గట్టిపడటమే దానికి కారణం. చూపు పోదు, చికిత్స అక్కరలేదు. అసలు శుక్లం పాలగాజులా, పగిలిన మంచుగడ్డలా కనిపిస్తుంది, వెలుతురును అడ్డుకుంటుంది. మధుమేహం వచ్చిన కుక్కల్లో చాలావాటికి ఏడాది, ఏడాదిన్నర లోపే రెండు కళ్లలోనూ శుక్లాలు వస్తాయి. పిల్లుల్లో ఇది అరుదు. ఎక్కువ నీళ్లు తాగుతూ, మాటిమాటికీ మూత్రం పోస్తూ, చిక్కిపోతున్న కుక్క కళ్లు తెల్లబడితే కంటితో పాటు రక్తంలో చక్కెర కూడా చూడాలి. శుక్లాన్ని కరిగించే చుక్కలు లేవు. మనుషుల కోసం చార్లెస్ కెల్మన్ 1967లో తెచ్చిన, అల్ట్రాసౌండ్‌తో కటకాన్ని ముక్కలు చేసి పీల్చే శస్త్రచికిత్సే కుక్కలకూ చేస్తారు. కంటి వెనక వెలుతురును పట్టే పొర, అంటే రెటీనా, బాగుంటేనే దానికి ఫలితం.

గ్లకోమాను మన వాళ్లు నీటికాసులు అంటారు. కుక్కల్లో అది గంటలతో పందెం. కంటి ఒత్తిడి మామూలుగా 10 నుంచి 25 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉండాలి. అది ఒక్కసారిగా ఎగబాకితే గుడ్డు ఎర్రబడి, పైపొర నీలంగా మసకబారి, పాప పెద్దదై వెలుతురుకు ముడుచుకోదు. కుక్క తిండి మానేసి మత్తుగా పడుకుంటుంది. కన్ను ఎర్రగా ఉందని కండ్లకలకగా పొరబడితే ఒకటి రెండు రోజుల్లోనే చూపు శాశ్వతంగా పోవచ్చు. డోర్జోలమైడ్, టిమోలోల్, లాటానోప్రోస్ట్ వంటి మందులతో ఒత్తిడి దించుతారు. పుండుకు ఉపశమనమిచ్చే అట్రోపిన్ ఇక్కడ ప్రమాదం తెస్తుంది. చూపు పోయి, నొప్పి మాత్రం మిగిలిన కంటిని తీసేయడమే దయగల వైద్యం. నొప్పి పోయిన కుక్క కొద్ది రోజులకే మళ్లీ తోక ఊపుతూ తిరుగుతుంది.

అనంతపురం ఎండల్లో పిడుదులకు కొదవ లేదు. గోధుమరంగు కుక్క పిడుదు మోసుకొచ్చే ఎర్లిషియా అనే సూక్ష్మజీవిని 1935లో అల్జీరియా కుక్కల్లో మొదట గుర్తించారు. ఇప్పుడది ఉష్ణదేశాలన్నిటా ఉంది. జ్వరం, నీరసం, ముక్కు నుంచి రక్తంతో పాటు అది కంటి లోపలి పొరలను వాపెక్కిస్తుంది. ఒక్కోసారి నల్లగుడ్డు వెనక రక్తం నిలుస్తుంది. అలాంటి కంటికి చుక్కలు మాత్రమే వేస్తే సరిపోదు. రక్తపరీక్ష చేయించి, నాలుగు వారాల డాక్సీసైక్లిన్ వాడాలి, పిడుదులను వదిలించాలి. మందతో తిరిగే కుక్కలకు, గొర్రెల దొడ్డి పక్కన పడుకునే కుక్కలకు ఈ సంగతి మరీ ముఖ్యం.

పిల్లుల దగ్గరికి వస్తే ముఖ్య దోషి ఒక వైరస్. పిల్లుల హెర్పిస్ వైరస్‌ను 1958లో అమెరికాలో వేరుచేశారు. తుమ్ములు, చీదే ముక్కు, పుసితో అంటుకుపోయిన రెప్పలు ఉన్న పిల్లికూనల్లో చాలావాటికి ఇదే కారణం. మానినా వైరస్ నరాల్లో దాక్కుని, ఇల్లు మారినప్పుడో, కొత్త పిల్లి వచ్చినప్పుడో, ఈనినప్పుడో మళ్లీ లేస్తుంది. క్లామిడియా అనే మరో సూక్ష్మజీవి వల్ల కూడా ఇలాగే కళ్లు వాస్తాయి. ఫామ్‌సైక్లోవిర్, డాక్సీసైక్లిన్ వంటి మందులు డాక్టరు చెప్పిన మోతాదులో వాడాలి. మనుషులకిచ్చే ఏసైక్లోవిర్ మాత్రలు పిల్లికి ఇవ్వకూడదు, అవి దానికి విషమవుతాయి. ఎన్రోఫ్లాక్ససిన్ అనే మామూలు యాంటీబయాటిక్ కూడా రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు మించితే పిల్లి రెటీనాను దెబ్బతీసి గుడ్డిదాన్ని చేయగలదు. పది, పన్నెండు రోజుల వయసు కూనకు ఇంకా తెరుచుకోని రెప్పల వెనక ఉబ్బు కనిపిస్తే లోపల చీము ఉందన్నమాట. దాన్ని వెంటనే తెరిపించకపోతే కన్ను దక్కదు. తెల్లముఖం పిల్లులకు మరో గండం ఎండ. రంగు లేని రెప్ప అంచుల మీద, చెవి కొనల మీద మానని పుండు కనిపిస్తే అది చర్మ క్యాన్సర్ కావచ్చు.

పిల్లి తిండికీ చూపుకీ నేరుగా సంబంధం ఉంది. దాని శరీరం టారిన్ అనే పదార్థాన్ని కావలసినంత తయారు చేసుకోలేదు. మాంసం, చేపలు, ఎలుకల్లోనే అది దొరుకుతుంది. 1975లో అమెరికా పరిశోధకులు పాల ప్రోటీన్ ఆధారంగా చేసిన ఆహారం పెట్టిన పిల్లుల్లో రెటీనా క్షీణించిందని, కారణం టారిన్ లోపమని చూపారు. పెరుగన్నం పెట్టే ఇంటి పిల్లి వీధిలో ఎలుకలు పట్టుకుంటుంటే దాని చూపు నిలుస్తుంది. తలుపులు మూసిన ఇంట్లో పెరుగన్నం మీదే బతికే పిల్లికి, కుక్కల తిండి పెట్టే పిల్లికి ఆ అండ లేదు. ముసలి పిల్లి ఒక్కరాత్రిలో గుడ్డిదైతే రక్తపోటు చూడాలి. మూత్రపిండాలు చెడి బీపీ పెరిగితే రెటీనా ఊడిపోతుంది. మనుషుల అమ్లోడిపిన్‌నే తగ్గించిన మోతాదులో త్వరగా మొదలుపెడితే కొన్నిటికి చూపు తిరిగి వస్తుంది.

కుక్కల్లో వంశపారంపర్యంగా వచ్చే రెటీనా క్షీణత రేచీకటితో మొదలవుతుంది. లాబ్రడార్, కాకర్ వంటి జాతుల్లో మామూలు రకానికి ఇంకా చికిత్స లేదు. కానీ బ్రియార్డ్ జాతిలో ఒక జన్యువు లోపంతో పుట్టుగుడ్డిగా ఉన్న కుక్కలకు అమెరికాలో జన్యు చికిత్స చేసి చూపు తెప్పించారు. 2001లో ఆ ఫలితం ప్రకటించినప్పుడు లాన్స్‌లాట్ అనే కుక్క పేరు మారుమోగింది. అదే లోపంతో పుట్టిన మనుషుల కోసం వచ్చిన లక్స్‌టర్నా చికిత్సకు 2017 డిసెంబరులో అమెరికా అనుమతి దొరికింది.

మందు రాయడం డాక్టరు పని, వేయడం ఇంటివాళ్ల పని. రెండోది సరిగా జరగకపోయినా కన్ను పోవచ్చు. ఎదురుగా సీసా పట్టుకుని వస్తే కుక్క పారిపోతుంది. వెనక నుంచి, మోకాళ్ల మధ్య పట్టుకుని, మూతి పైకెత్తి, తల మీదుగా చెయ్యి తెచ్చి వేయాలి. సీసా ముక్కు కంటికి తగలకూడదు. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో అయిదు నిమిషాలు ఆగాలి, ఆయింట్‌మెంట్ చివర్లో పెట్టాలి. తెరిచిన సీసాను నెల దాటాక పారేయాలి. కన్ను గీరుకోకుండా మెడకు కోన్ తొడగాలి. షాపులో దొరక్కపోతే అడుగు కోసిన ప్లాస్టిక్ బకెట్, అంచులకు మెత్తటి గుడ్డ చుట్టి, ఆ పని చేస్తుంది. వీధికుక్క అయితే ముందు మనిషి జాగ్రత్త. చొంగ కారుస్తూ, వెలుతురుకు బెదిరిపోతూ, అడుగులు తడబడే కుక్క ముఖం దగ్గర చెయ్యి పెట్టకూడదు, అది రేబిస్ కావచ్చు. కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, టీకా కోసం ఆసుపత్రికి వెళ్లాలి.

పామిడి నుంచి అనంతపురం ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి పశువుల ఆసుపత్రిలో ఆకుపచ్చ రంగు పరీక్ష, కడగడం, మొదటి చుక్కలు అయిపోతాయి. శస్త్రచికిత్స అవసరమైతే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల, 1955లో మొదలైన తిరుపతి పశువైద్య కళాశాల, అటు బెంగళూరు హెబ్బాళ కళాశాల ఉన్నాయి. 2022 మేలో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన సంచార పశువైద్య వాహనాల కోసం 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. కన్ను మూసుకున్న జంతువును రేపటికి వాయిదా వేయకండి. చేతిలో ఉన్న చుక్కల సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ పేర్లలో ఏదైనా కనిపిస్తే, రంగు పరీక్ష జరిగేదాకా దాని మూత తీయకండి.